చప్పుడు మింగే తారు

అది మే నెల ఇరవై రెండో తారీఖు. ఆ పొద్దున్న ఆయన తిన్నది రెండు ముక్కల రొట్టె, ఒక మాడిన గుడ్డట్టు. అట్టు పెనం మీద ఉండగానే కిటికీ అవతల కంకర లారీ ధడధడమంటూ పోయింది. అప్పుడే కన్నంటిన మూడు నెలల మనవడు ఉలిక్కిపడి కేర్‌మన్నాడు. వాణ్ణి ఎత్తుకోవడానికి పరిగెత్తినవాడికి అట్టు ఎక్కడ గుర్తుంటుంది?

"ఇక నావల్ల కాదు నాన్నా. ఆదివారం మా అత్తగారింటికి వెళ్లిపోతాను," అంది కూతురు. "అక్కడైతే వీడు నిద్రపోతాడు. నేనూ నిద్రపోతాను."

ఆయన తలూపాడు. భార్య పోయాక మూగబోయిన ఇల్లు వీడొచ్చాకే మళ్లీ నోరు విప్పింది. కానీ నిద్రలేక పిల్ల వాడిపోతుంటే ఉండమని ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు?

తారు ప్లాంటులో ల్యాబు చూసే మనిషి ఆయన. జోలపాటలు రావు కనుక, మనవణ్ణి భుజాన వేసుకుని తనకొచ్చిందే చెప్పేవాడు.

"బరువు లారీలు తిరిగే చోట సందు లేకుండా బిగించిన తారురా నాన్నా. బస్సులు బ్రేకులేసే చోట పెద్ద కంకరలు చేతులు పట్టుకుని నిలబడే తారు. వంతెన మీద నీళ్లు దిగకుండా ముద్దలా పోసేది ఒకటి. వానల్లో గుంటలు పూడ్చడానికి సంచుల్లో చల్లగా వచ్చేది ఇంకోటి. ఇక మనింటి ముందుకొచ్చేదానికి ఒళ్లంతా చిల్లులే! వాన నీళ్లు తాగుతుంది, టైర్ల చప్పుడు మింగుతుంది."

ఆ చిల్లుల తారు వేసేది ఆవేళే. ఇళ్లు రోడ్డును ఆనుకుని ఉన్నాయని పైవాళ్లు ప్రయోగానికి ఈ వీధిని ఎంచారు. అడగకుండా దొరికిన వరం. రోలరు మీద కూర్చున్నది ఆయన బావమరిది. మనసు వెన్న, చెయ్యి మోటు. ఏ రోడ్డయినా అద్దంలా మెరిసేదాకా, బటన్ నొక్కి రోలరును గడగడా అదిరించందే దిగడు.

"ఇవాళ అదురు బటన్ జోలికి పోకు. ఊరికే రెండు మూడుసార్లు దొర్లించు, చాలు. అదిరిందా, చిల్లులన్నీ మూసుకుపోతాయి."

"చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్తావేంటి బావా! నీ మనవడు అటున్నాడు," అని నవ్వాడు బావమరిది.

వీధి చివరినుంచి బుద్ధిగానే వచ్చాడు. సరిగ్గా ఇంటి గేటు ముందుకు వచ్చేసరికి పాత అలవాటు వేలిని లాక్కుపోయింది. నేల అదిరింది, కిటికీ అద్దాలు గలగలమన్నాయి, లోపల పిల్లాడు రాగం అందుకున్నాడు.

"మావయ్యా, రోడ్డేస్తున్నావా, ఇల్లు కూలుస్తున్నావా?" కిటికీలోంచి కూతురు అరిచింది.

"ఆపరా!" అంటూ ఆయన చేతులూపుకుంటూ పరిగెత్తాడు. రోలరు ఆగింది. గేటు ముందు తారు నున్నగా నిగనిగలాడుతోంది.

"చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది కదా బావా," అన్నాడు బావమరిది, నసుగుతూ.

"ఆ నునుపే కొంప ముంచింది. చిల్లులు పోయాయి. దీని మీద లారీలు మోతెక్కిస్తే ఆదివారం పిల్ల వెళ్లిపోతుందిరా."

బావమరిది ముఖంలో నవ్వు ఆరిపోయింది. రోలరు మీదినుంచి దూకి పార అందుకున్నాడు. తారు ఇంకా వేడిమీదే ఉంది. చెమటలు కక్కుతూ చెడిన మేరంతా గీకి ఎత్తేశాడు. లారీలో మిగిలిన వేడి తారు ఆయనే దగ్గరుండి పరిపించాడు. ఈసారి రోలరు పూలమీద నడిచినట్టు నడిచింది.

సాయంత్రానికి చల్లారింది. ఆయన గేటు ముందు బకెట్టు నీళ్లు కుమ్మరించాడు. నీళ్లు పారలేదు, నిలవలేదు. అలాగే లోపలికి దిగి మాయమయ్యాయి.

"ఎటు పోయాయి బావా?" అని బావమరిది ఇంకో బకెట్టు పోశాడు, ఆపైన మరోటి. చుట్టుపక్కల వాళ్లంతా ఎవరి బకెట్లు వాళ్లు తెచ్చుకుని సంబరంగా పోశారు.

చీకటి పడే వేళ దారి వదిలారు. మొదటి లారీ వచ్చింది. ఇంట్లో తండ్రీ, కూతురూ, బావమరిదీ ఊపిరి బిగబట్టి ఉయ్యాల వైపు చూశారు. దుప్పటి ఈడ్చినంత సవ్వడి, అంతే. పిల్లాడు పెదవి కదిపి మళ్లీ నిద్రలోకి జారాడు. తర్వాత బస్సు పోయింది, ఇంకో రెండు లారీలు పోయాయి. ఉయ్యాల తాడు పట్టుకునే కూతురు గోడకు ఒరిగింది.

"నాన్నా," అంది కళ్లు తెరవకుండానే, "ఆదివారం ఏం వండుతావు?"

ఆయన ఆమె వీపు వెనక దిండు సర్దాడు. "నువ్వేదంటే అదేనమ్మా."

ఆమె అప్పటికే నిద్రపోయింది. బావమరిది చెప్పులు చేత పట్టుకుని, మునివేళ్ల మీద గడప దాటి, గడియకు అరచెయ్యి అడ్డుపెట్టి మెల్లగా తలుపు మూశాడు.