షర్టు చేతి మీద ఏడు కుట్లు

కటింగ్ మాస్టారిని షాపులో అందరూ ఇంచీ మాస్టారు అంటారు. అంగుళం కాదు కదా, అందులో పావు తేడా వచ్చినా ఊరుకునే మనిషి కాదు. అలాంటివాడు తన చేతి విషయంలో మాత్రం ఏకంగా నాలుగంగుళాలు అబద్ధమాడాడు.

ఏడు నెలల క్రితం షాపు అద్దాల తలుపు పగిలి, ఆయన కుడి మోచేతి దగ్గర నరం తెగింది. ఆపరేషన్ చేసి కలిపిన డాక్టరు, "నరం నెలకి అంగుళం చొప్పున పెరుగుతుంది. వేలితో తడుతూ పోతే ఎక్కడ జివ్వుమంటుందో అక్కడిదాకా వచ్చినట్టు" అన్నాడు. అంగుళమనే మాట చెవిన పడగానే మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. పాత పొడుగు చేతుల షర్టొకటి తీశాడు. ప్రతి ఒకటో తారీఖున అది తొడుక్కుని, జివ్వుమన్నచోట సుద్దతో గీసేవాడు. భార్య ఆ గీత మీద ఎర్రదారంతో చిన్న కుట్టు వేసేది.

మూడు కుట్లు నిజంగానే పడ్డాయి. నాలుగో నెల ఎంత తట్టినా జివ్వుమన్నది మూడో కుట్టు దగ్గరే. అప్పటికే సూదిలో దారం ఎక్కించుకుని ఆశగా నిలబడ్డ భార్య మొహం చూసి, మాస్టారు అంగుళం ముందుకు గీసేశాడు. గుడ్డ కోసేటప్పుడు కాస్త వదులు ఉంచమా, ఇదీ అంతే, వచ్చే నెలకి నరమే వచ్చి అందుకుంటుందిలే అనుకున్నాడు. నరం కదల్లేదు. గీత మాత్రం నెలనెలా ముందుకు నడిచింది.

ఇప్పుడు ఏడో కుట్టు మణికట్టుకి దగ్గరపడింది. అది నమ్మి, లాండ్రీలో పనిచేసే భార్య ఇక రెండో షిఫ్టుకి రానని చెప్పేసింది. షాపాయన కూడా చెయ్యి బాగుపడిందనుకుని సోమవారం నుంచి కరెంటు కత్తెర దగ్గరికి వచ్చెయ్యమన్నాడు. సూది గుచ్చినా తెలియని వేళ్ళతో, తిరుగుతున్న బ్లేడు పక్కన గుడ్డ అదిమిపట్టాలి. వెళ్ళనంటే ఇంట్లో గుట్టు రట్టవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండూ తను తవ్వుకున్నవే.

నరాలు దెబ్బతిన్నవాళ్ళతో మాట్లాడి ధైర్యం చెప్పడానికి ఆసుపత్రిలో ఒకమ్మాయి ఉంది. మాస్టారు ఆమెని మనసు డాక్టరమ్మ అంటాడు. మొదటిరోజే "తెగింది నరమమ్మా, మతి కాదు" అని వెక్కిరించాడు కూడా.

"పెరగడం నరం పని. కాచుకుని కూర్చోవడం మీ పని. మీదే కష్టం మాస్టారూ" అందామె.

ఈ శుక్రవారం ఆ షర్టుతోనే వెళ్ళాడు. షర్టు చేతి మీది కుట్లు లెక్కపెట్టి, ఆమె తన కాగితాలు తిరగేసింది.

"మా దగ్గర మూడంగుళాలే రాసుంది."

"మీ టేపు సాగిందేమో చూసుకోండి."

ఆమె నవ్వలేదు. "వీటిలో మీకు నిజంగా తెలిసినవెన్ని?"

అంత పెద్దమనిషికీ బొటబొటా కన్నీళ్ళు కారాయి. దాచుకున్నదంతా కక్కేశాడు. చివరికి, "మా ఆవిడకి మీరే చెప్పండమ్మా" అని బతిమాలాడు.

"పక్కన కూర్చుంటాను. చెప్పాల్సింది మీరే" అని, బయట బెంచీ మీదున్న భార్యని లోపలికి పిలిచింది.

మాస్టారు తల వంచుకుని చెప్పాడు. భార్య అంతా వింది. చేతిసంచిలోంచి సూది తీసి, ఆయన చెయ్యి ఒళ్ళోకి లాక్కుని, చివరి నాలుగు కుట్లూ ఒక్కొక్కటే విప్పింది.

"సోమవారం షాపుకి వెళ్ళేవారేనా?"

"వెళ్ళేవాణ్ణేమో."

"షిఫ్టు పోతే కాళ్ళావేళ్ళా పడి మళ్ళీ తెచ్చుకుంటాను. వేళ్ళు పోతే ఎవరి కాళ్ళు పట్టుకోను?"

భార్య ఆయన చెయ్యి వదల్లేదు.

"కళ్ళు మూసుకోండి" అంది.

మూసుకున్నాడు.

"చూపుడు వేలు. సూది తెలుస్తోందా?"

నాలుగు నెలలుగా అలవాటైన జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మాస్టారు దాన్ని మింగేశాడు.

"తెలియట్లేదే."

"సరే" అని ఆమె పక్క వేలు పట్టుకుంది.