ఊదని స్వరాల బరువు

ఒక ప్రశ్న అడుగుతాను, తొందరపడకుండా ఆలోచించి చెప్పండి. ఎనిమిదిమంది ట్యూబాలు, అదే, భుజాన మోసే పెద్ద ఇత్తడి బాకాలు, పట్టుకుని కలిసి ఒకే స్వరం ఊదుతున్నారు. వాళ్లలో ఒకళ్లు బుగ్గలు పొంగించి, కళ్లు పెద్దవి చేసి, అసలు ఊదకుండా ఊరుకున్నారు. ఆ సంగతి ముందు ఎవరికి తెలుస్తుంది?

ఎవరికీ తెలీదంటావా టెస్సా? నువ్వేమంటావు ఓట్టో, పక్కవాడికా? నీది కొంచెం దగ్గరికొచ్చింది. కానీ అందరికంటే ముందు తెలిసేది ట్యూబాకి. ఆ తువ్వాలు ఇటు అందివ్వు, ఈ ట్యూబాని తుడుస్తూ చెప్తాను.

ఈ కథలో సోన్యా అని పదిహేడేళ్ల పిల్ల ఉంటుంది. అవును, అది మీ అమ్మమ్మే, నేనే. అయినా "ఆమె" అనే చెప్తాను. "నేను" అని మొదలుపెడితే నా తప్పుని నేనే బుజ్జగించుకుంటాను. యాభై ఏళ్లుగా ఆ పని చాలాసార్లు చేశాను.

అప్పట్లో మన ఊరు హెల్మర్ ఫాల్స్‌కి ఒక డ్రమ్ కోర్, అంటే కవాతు చేస్తూ వాయించే బృందం, ఉండేది. అందులో పిల్లనగ్రోవులూ క్లారినెట్లూ ఉండవు. డ్రమ్ములు, ఇత్తడి వాయిద్యాలు, ముందు జెండాలు తిప్పే పిల్లలు, అంతే. వేసవి పొడుగునా స్కూలు మైదానంలో సాధన. శుక్రవారం బస్సెక్కితే ఊరూరా పోటీలు ముగించుకుని ఆదివారం దిగేవాళ్లు, ఒళ్లంతా ఎండకి కమిలి. ఇరవై ఒకటో ఏట వచ్చే వేసవే ఎవరికైనా ఆఖరిది. ఆ తరవాత ఎంత గొప్పగా వాయించే మనిషైనా ఇంటికి పోవాల్సిందే.

ట్యూబాల పని ఏమిటో నల్లబల్ల మీద గీసినట్టు చెప్తాను. ట్రంపెట్లు ఇంటికి కప్పు అనుకోండి. మధ్యరకం వాయిద్యాలు గోడలు. ట్యూబాలు పునాది. జనం చప్పట్లు కొట్టేది కప్పుని చూసే. కానీ కింద స్వరం వెంట్రుకవాసి జారిందా, పైన ట్రంపెట్లకి ఎక్కడ కాలు పెట్టాలో తెలీదు. అందుకే మాస్టారు హాలిక్ గారు రోజూ ముందు ట్యూబాల చేత ఒక్క స్వరం పట్టించేవారు. అది స్థిరపడ్డాకే మిగతావాళ్లు దాని మీదికి ఎక్కాలి. "పైకి కాదు, కింద వినండి!" అని గొంతు పోయేలా అరిచేవారు.

ఆ కింది స్వరం మధ్యలో తెగకూడదు. మరి మనిషన్నాక ఊపిరి పీల్చుకోవద్దా? దానికి వంతులుండేవి. పక్కవాడు పీల్చే చోట నువ్వు పీల్చకూడదు. వాడు పీల్చేంతసేపు నువ్వు నిలబెడతావు, నువ్వు పీల్చేటప్పుడు వాడు నిలబెడతాడు. ఇది స్వరాల కాగితంలో రాసి ఉండదు. మాట ఇచ్చినట్టు, అంతే.

ఇక ఊదకుండా ఎగ్గొట్టిన స్వరం ఎక్కడికీ పోదు, ట్యూబాలోనే ఉండిపోతుంది. దాంతో ట్యూబా బరువెక్కుతుంది. అందుకని ప్రతి సోమవారం పాలకేంద్రం వాకిట్లో పాలక్యాన్లు దించి ఆ కాటా మీద ట్యూబాలు పెట్టేవారు. ఒక్కొక్కటి ముప్ఫై పౌండ్లు తూగాలి. ముప్ఫై రెండు దాటితే ఆ వారం పోటీలో ఆ మనిషి వాయించకూడదు. తన ట్యూబా భుజాన వేసుకుని, మైదానం అంచున అందరికీ కనబడేలా నిలబడి ఉండాలి. పాలకేంద్రం ఆడవాళ్లు ముల్లు చూసి, "ఈ వారం ఎవరో బాగా కునికారే!" అని నవ్వి తమ పనిలో పడేవారు.

సోన్యాది ఐదో నంబరు. పక్కన ఆరో నంబరు లియోన్ వ్రూబెల్. అతనికి ఇరవై ఒకటి. ఆఖరి వేసవి.

"ఏయ్ టోర్గర్‌సన్, ట్యూబాని నువ్వు మోస్తున్నావా, నిన్ను అది మోస్తోందా?" అని సోన్యాని ఇంటిపేరుతో పిలిచి ఏడిపించేవాడు.

"ముందు నీ ముక్కు బరువు తూయించుకో," అనేది సోన్యా.

జూలైలో సోన్యా పెదవి చిట్లింది. చెప్తే తన చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారని భయం. రెండు రోజులు ఊదినట్టు నటించింది. తప్పే అయినా, అది చిన్న తప్పు. పెదవి మానింది. కానీ నటన మానలేదు. వేగంగా పరిగెత్తే స్వరాలొస్తే మీటలు నొక్కేది, గాలి వదిలేది కాదు. ముగింపులో ఇరవై అంకెలు లెక్కపెట్టేంత పొడుగు స్వరంలో సగం దాటాక ఊరుకునేది. స్వరం ఎక్కడా తెగలేదు కదా, ఎవరికి నష్టం అనుకుంది. ట్యూబా మాత్రం భుజం కోసేది. మడిచిన తువ్వాలు వేసుకుని దానిమీద పెట్టుకునేది. అంతకుముందు రెండు సోమవారాలూ ఏదో వంక చెప్పి తూకం తప్పించుకుంది.

ఆఖరి పోటీకి ముందు సోమవారం ఇక తప్పించుకునే దారి లేదు. ట్యూబాలన్నీ పాలకేంద్రం గడ్డిమీద వరసగా పడుకోబెట్టి, అందరూ చెట్టునీడన వేరుశెనగ వెన్న రాసిన రొట్టెలు తింటున్నారు. నంబర్లు తెల్లటి టేపు ముక్కల మీద రాసి ఉండేవి. సోన్యా వెళ్లి ఐదు పీకి ఆరు దగ్గరా, ఆరు పీకి ఐదు దగ్గరా అంటించింది. రొట్టె ముక్క నమిలి మింగినంతసేపు కూడా పట్టలేదు.

లియోన్ వచ్చి ఆరో నంబరు ఎత్తాడు. సగంలో ఆగాడు. దాని అంచు మీద బొటనవేలు తిప్పి చూశాడు. అతని ట్యూబా అంచున సొట్ట ఉండేది, ఎప్పుడో బస్సు తలుపుకి కొట్టుకుని పడింది. దీనికి సొట్ట లేదు. తలెత్తి సోన్యా వైపు చూశాడు. సోన్యా వంగి, కట్టే ఉన్న బూటు తాడు మళ్లీ కడుతోంది.

ముల్లు ముప్ఫై ఏడు దగ్గర నిలబడింది.

"లియోన్! నువ్వా?" అన్నారు హాలిక్ గారు.

"ముల్లు చెప్తోంది కదా సార్."

"ఇది నీ ఆఖరి పోటీరా. ఏమన్నా చెప్పేదుంటే ఇప్పుడే చెప్పు."

లియోన్ మళ్లీ ఒకసారి సోన్యా వైపు చూశాడు. "నేను చెప్పేది ఏమీ లేదు సార్."

ఆమెకీ ఆ కాటాకీ మధ్య ఏడు అడుగులు. లెక్కపెట్టింది, నడవలేదు. ముప్ఫై నాలుగేళ్లు ఒకటో తరగతి పిల్లలకి అంకెలు నేర్పాను. ఏడు దగ్గరికొచ్చేసరికి ప్రతి ఏడూ నా గొంతు తగ్గిపోయేది.

తరవాత ఐదో నంబరు ఎక్కించారు. ఇరవై ఆరు తూగింది. "ఇదేమిటమ్మా, ముప్ఫైకి తక్కువ కూడా ఉంటుందా!" అని పాలకేంద్రం ఆడవాళ్లు మెచ్చుకున్నారు, సోన్యాని.

శనివారం పోటీ. మైదానం అంచున లియోన్ ఆ బరువుతో నిలబడ్డాడు. పెదవులు మూసే ఉన్నాయి, వేళ్లు మాత్రం ప్రతి స్వరానికీ మీటలు నొక్కుతున్నాయి. అతని ట్యూబా సోన్యా భుజం మీద ఉంది. అది ఎంత తేలికంటే ఆమె మడమలు నేలకి ఆనలేదు. ఆ రోజు ఒక్క స్వరం వదలకుండా ఊదింది. ముగింపులో ఆ పొడుగు స్వరం వచ్చింది. తన వంతు రాగానే సోన్యా ఊపిరి పీల్చింది. అక్కడ నిలబెట్టాల్సింది ఆరో నంబరు, ఆ చోటు ఖాళీ.

స్వరం తెగింది.

ఇన్నాళ్లూ ఎందుకు తెగలేదో అప్పుడు అర్థమైంది. ఆమె ఊరుకున్న ప్రతిసారీ లియోన్ తన వంతు ఊపిరి మానుకుని ఇద్దరి పనీ ఒక్కడే చేశాడు. అందుకే అతని ట్యూబా ముప్ఫై కంటే తగ్గింది. పైన ట్రంపెట్లు నిచ్చెన లాగేసినట్టు ఒక్కసారి తూలాయి. హాలిక్ గారు టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

పోటీ అయ్యాక సోన్యా వాయిద్యాలు ఎక్కించే ట్రక్కు దగ్గరికి పరిగెత్తింది. "లియోన్, ఆ బరువు నాది."

"తెలుసు. నా సొట్ట నాకు తెలీదా?"

"మరి చెప్పలేదే?"

"నువ్వు చెప్తావనుకున్నా. ఇవాళ జెండా పిల్లలు గేటు దాటి మైదానంలోకి వచ్చేదాకా అనుకుంటూనే ఉన్నా."

తిట్టలేదు. ట్యూబా దించి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే సోన్యా హాలిక్ గారికి చెప్పేసింది. ఆయన అన్నారు: "ఇప్పుడు చెప్తే నేనేం చెయ్యను? ఇది ఇక ఎవరి భుజానికీ పనికిరాదు. ఇంటికి తీసుకుపో. ఖాళీ చెయ్యి."

ఆ ఏడాది సోన్యాకి మాడిసన్ కాలేజీలో సంగీతం చదవడానికి సీటొచ్చింది. ఇంత బరువుతో ఎక్కడికి పోతుంది? ఇక్కడే ఉండి పంతులమ్మ అయింది. రోజూ గిన్నెలు కడిగాక వెనక వరండాలో ఊదేది. ఎగ్గొట్టిన స్వరాలు ఎగ్గొట్టిన వరసలోనే బయటికొచ్చేవి. "సోన్యా ఇంకా జూలైలోనే ఉందర్రా," అనేవాళ్లు ఇరుగుపొరుగు. మీ అమ్మ పుట్టాక గానీ ఆగస్టు రాలేదు. చివరికి తనవన్నీ అయిపోయాయి. పాలకేంద్రానికి తీసుకెళ్లి తూయించింది. ముప్ఫై ఐదు.

ఎంత ఊదినా గాలే తప్ప స్వరం రాలేదు. అప్పుడు తెలిసింది. అవి ఆమెవి కావు. ఆ శనివారం మైదానం అంచున నిలబడి, వేళ్లతో మాత్రమే వాయించి, లియోన్ ఊదలేకపోయిన పాట అది.

వచ్చి దాన్ని ఊదమని లియోన్‌ని ఎన్నిసార్లో అడిగింది. అప్పటికి అతను పాలట్యాంకరు నడిపేవాడు, దాన్ని ఆపి మర్యాదగానే చెప్పేవాడు, "ఇప్పుడెందుకు సోన్యా, ఉండనీ." ఒక్కసారి కోప్పడినా బావుండు అనిపించేది. క్రిస్మస్‌కి కార్డు పంపేవాడు. అందులో పేరు తప్ప ఒక్క అక్షరం ఉండేది కాదు.

నిన్న ఫోన్ చేశాడు.

"ట్యూబా ఉందా?"

"ఉంది."

"గురువారం నా ఎడమ ఊపిరితిత్తి తీసేస్తారట. రెండూ ఉండగా పట్టుకురా."

"ఆఖరి స్వరం ఇరవై అంకెలు లియోన్. ఒక్కడివే ఎలా ఊదుతావు?"

"ఒక్కణ్ణే అని ఎవరన్నారు? కోర్ మూసేసినప్పుడు నా సొట్టది తెచ్చుకున్నాను, గరాజ్‌లో ఉంది. దాన్ని నువ్వు పట్టుకో. ఈసారన్నా, నేను పీల్చేటప్పుడు నువ్వు ఊదు."

క్షమించినట్టేనా అంటావా ఓట్టో? తెలీదు నాన్నా. ఆ మాట అతను అనలేదు, నేను అడగలేదు. ట్యూబా ఖాళీ అయినంత మాత్రాన ఆ శనివారం వెనక్కి రాదు. అది మాత్రం మీరిద్దరూ గుర్తుపెట్టుకోండి.

వద్దు, ఎత్తకండి, మీవల్ల కాదు. ఆ నూనెసీసా ఇటు ఇచ్చి తప్పుకోండి. రెండో మీట ఇంకా అంటుకుంటోంది. మూడు గంటలకి రమ్మన్నాడు, ఆలోపు దీన్ని వదులు చెయ్యాలి.