కాగితాలు లేని పక్క

భోజనాల కాంట్రాక్టరు ఫినాయిలు సీసా మూత తీసి వంటమనిషి పెద్దక్క చేతిలో పెట్టి, అన్నం గిన్నె వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

బడి పిల్లల భోజనాలు అప్పుడే అయ్యాయి. గిన్నె అడుగున ఇంకా అన్నం మిగిలి ఉంది. బయట వరండాలో గోడ వారగా కొందరు పిల్లలు కూర్చుని ఉన్నారు. వాళ్ళు తినలేదు. సరిహద్దు దాటి కూలికొచ్చి, కాగితాల్లేకుండా బతుకుతున్నవాళ్ళ పిల్లలు వాళ్ళు. అలాంటి పిల్లలకు తిండి పెట్టాలా, చదువు చెప్పాలా, జ్వరమొస్తే మందియ్యాలా అని నగర పెద్దలు ఇంకా చర్చ కూడా మొదలుపెట్టలేదు. హెడ్మాస్టరుకు మాత్రం అప్పుడే తొందరొచ్చింది. పైవాళ్ళు వంగమంటే నేల మీద పాకే రకం ఆయన. వారం కిందటే తిండి ఆపేశాడు. ఎలాగూ పారేసేదే కదా అని వంటవాళ్ళు మిగిలిన అన్నం చాటుగా ఆ పిల్లలకు పెడుతున్నారు. అది ఎవరో కాంట్రాక్టరు చెవిలో ఊదారు.

పారబోస్తాలే అయ్యా, ఇదెందుకు అంది పెద్దక్క.

"పారబోస్తే ఏరుకు తింటారు. పోసెయ్."

పెద్దక్క పోసింది. అన్నం మీద తెల్లగా నురగలా పరుచుకుని, కిందికి ఇంకిపోయింది. వంటశాలంతా ఆసుపత్రి కంపు. పిల్లలు చూస్తూనే ఉన్నారు గానీ ఒక్కరూ ఏడవలేదు. ఏడ్చినా కాస్త బాగుండేది. తిండి లాక్కునే దొంగను చూశాం, తిండి దాచుకునే పిసినారిని చూశాం. పిల్లల కళ్ళెదుట అన్నానికి విషం పట్టించే ఈ జాతిని ఏమని తిట్టాలి? పెద్దక్క పెరట్లోకి వెళ్ళి ఊసి, చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది.

అలాగని పెద్దక్క ఆ పిల్లల పక్షమేం కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. ఆమె ఈ దేశంలోనే పుట్టింది, ఈ బడి పొయ్యిల దగ్గరే జుట్టు నెరిసింది. పౌరసత్వం కార్డు ప్లాస్టిక్ కవరులో పెట్టి రవికలో దోపుకుని తిరుగుతుంది. ఆమె మనవరాలు ఇదే బడిలో చదువుతోంది. తరగతిలో కూర్చోవడానికి బెంచీ లేదు, కిటికీకి అద్దం లేదు. ఇదంతా బయటినుంచి వచ్చి పడ్డవాళ్ళ వల్లేనని ఆ పేట నాయకుడు ఊదరగొడతాడు. చేతిలో మైకు లేకుండా ఎవరూ చూసిన పాపాన పోలేదు గనక ఆయన్ని అందరూ మైకు అనే పిలుస్తారు. మైకు చెప్పింది పెద్దక్క నమ్మింది. నమ్మి, గిన్నెలు కడిగే ఆమెతో రోజూ గొడవపడేది.

గిన్నెలామెకు కాగితాల్లేవు. భర్త ఎక్కడో కట్టడం పనిలో పరంజా మీదనుంచి పడి చనిపోయాడు. ఉన్నది ఒక్కతే కూతురు. మీరొచ్చే మా బెంచీలు పోయాయని పెద్దక్క దెప్పినప్పుడల్లా ఆమె తలవంచుకుని గిన్నె తోముకునేది. ఒక్కసారి మాత్రం, బెంచీలేమైనా మా పిల్లలు తిన్నారా అక్కా అంది. కూరగాయలు తరిగే వదిన పకపకా నవ్వింది. పెద్దక్కకు ఒళ్ళు మండింది.

ఆ కూతుర్ని తరగతిలో అందరూ గుండుసున్నా అంటారు. ఏ పరీక్షలోనూ దానికి మార్కులు రావు. ఏది అడిగినా నోరు విప్పదు. అలాంటి పిల్లను పెద్దక్క ఒక సాయంత్రం గిన్నెలు తోమే చప్టా మీద చూసింది. పక్కన మనవరాలు లెక్కల పుస్తకం ముందేసుకుని బిక్కమొహం పెట్టుకుని ఉంది. గుండుసున్నా నీళ్ళలో వేలు ముంచి సిమెంటు మీద గబగబా లెక్క చేస్తోంది. తప్పెక్కడో మనవరాలికి చూపించి, అర్థమయిందా అని అడిగి, అరచేత్తో తుడిచేసింది.

పెద్దక్క నేరుగా తల్లి దగ్గరకెళ్ళి, ఇదేం నాటకమే అని నిలదీసింది. గిన్నెలామె పెద్దక్క రెండు చేతులూ పట్టుకుంది. కాగితాల్లేని ఇళ్ళన్నిట్లో పిల్లలకు నేర్పే మొదటి పాఠం అదేనట. చెయ్యెత్తొద్దు, పాట పాడొద్దు, పందెంలో ముందు రావొద్దు, వచ్చిన లెక్క కూడా తప్పుగా రాయి. మంచి మార్కులొస్తే బహుమతిస్తారు, బహుమతిచ్చేటప్పుడు అమ్మానాన్నల్ని స్టేజీ మీదికి పిలుస్తారు, పిలిస్తే కాగితాలడుగుతారు. మీ అమ్మాయి వట్టి మొద్దు అని లెక్కల టీచరు చెప్పిన రోజు గిన్నెలామె కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయిందట.

వెధవ బతుకు అంది పెద్దక్క. ఎవరి బతుకునన్నదో గిన్నెలామె అడగలేదు.

ఫినాయిలు మొదలైన వారానికి నగర పెద్దల చర్చ ఆ బడి హాల్లోనే పెట్టారు. సాయంత్రం హాలు కిటకిటలాడిపోయింది. కుర్చీలు వెయ్యడానికీ టీలు అందించడానికీ వంటవాళ్ళను ఉండమన్నారు. పెద్దక్క వెనక బల్ల దగ్గర టీ పోస్తుంటే, గిన్నెలామె ట్రేలో అందిస్తోంది. గుండుసున్నా వంటశాల గుమ్మంలో నిలబడి ఉంది.

ముందు మైకు లేచాడు. తమకు ఎవరి మీదా కోపం లేదన్నాడు, జాలే తప్ప. కానీ ఇంట్లో బిడ్డ ఆకలితో ఉండగా వీధిలో దానధర్మాలు చేసేవాణ్ణి ఏమంటారని అడిగాడు. అడిగినవాడి బొజ్జ బల్ల అంచుకు ఆనుతోంది. తరవాత కళ్ళజోడు పెద్దమనిషి ఒకాయన లేచాడు. పిల్లల పక్షాన మాట్లాడతానన్నాడు. హమ్మయ్య అనుకున్నారు టీ అందించేవాళ్ళు. అయిదో తరగతి దాకా చదవనిద్దాం అన్నాడాయన. రేపు మన ఇళ్ళల్లో పనిచేసేది వాళ్ళేగా, మందు సీసా మీద పేరు చదవడమైనా రావొద్దా అన్నాడు. హాలు చప్పట్లు కొట్టింది. పెద్దక్క టీ వాసనకు కూడా ముక్కు చిట్లించుకుంది. ఒకడు గెంటేద్దామంటాడు, ఇంకొకడు ఉంచుకుని వాడుకుందామంటాడు. మళ్ళీ ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని బిస్కట్లు నములుతారు!

మైకు మళ్ళీ లేచి మార్కులు చదివాడు. ఈ పిల్లల మీద పెట్టే ఖర్చంతా బూడిదలో పోసినట్టే, వాళ్ళకు చదువు అంటదు, కావాలంటే చూడండన్నాడు. ఒక పిల్లను గుండుసున్నా అనే పిలుస్తారట అనగానే హాలంతా గొల్లుమంది. పాపం, ఆకలికి బుర్ర ఎదగదు అని కళ్ళజోడు పెద్దమనిషి జాలిపడ్డాడు.

గిన్నెలామె ట్రే తీసుకెళ్ళి మైకు ముందున్న బల్ల మీద పెట్టింది.

"ఆ గుండుసున్నా నా కూతురే. దానికి లెక్కలు రాక కాదు, తప్పు రాయమని నేనే చెప్పాను. మీకు భయపడి, నా బిడ్డ తెలివిని నా చేతుల్తో నేనే నొక్కేశాను. ఇప్పుడు మీరే దాన్ని తెలివిలేనిదంటారా? అదిగో, గుమ్మంలో ఉంది. పిలిచి ఏ లెక్కయినా అడగండి."

పిల్లను పిలవలేదు మైకు. నవ్వాడు. అయితే నీకు కాగితాల్లేవన్నమాట అని తాపీగా అడిగి, బందోబస్తుకని తలుపు దగ్గర నిలబడ్డ పోలీసుల వైపు చూశాడు.

ఆమెను రెక్కలు పట్టుకుని ఈడ్చుకెళ్ళారు. చెప్పు ఒకటి కుర్చీల మధ్య జారిపడింది. మర్యాదగా తీసుకెళ్ళండయ్యా అన్నాడు కళ్ళజోడు పెద్దమనిషి, కూర్చున్న చోటునుంచి లేవకుండా. పెద్దక్క చెయ్యి అలవాటుగా టీ పోస్తూనే ఉంది. వెనక వరసలో ఎవడో కప్పు చాపి, నాకు చక్కెర వద్దు అన్నాడు. ఒక తల్లిని కూతురి కళ్ళముందే ఈడ్చుకుపోతుంటే వీడికి చక్కెర వద్దట. వీళ్ళ బడిలోనా నేను ఇన్నేళ్ళు వండిపెట్టింది అని పెద్దక్కకు ఒళ్ళంతా జుగుప్స పుట్టింది. కెటిల్ అక్కడే దించి, పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది.

మర్నాడు బడి వంటశాలలో పొయ్యి వెలగలేదు. గిన్నెలామెను వదిలేదాకా వండేది లేదంటూ పెద్దక్క, వదిన, మిగతా ఆడవాళ్ళూ గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. కాంట్రాక్టరు పరుగెత్తుకొచ్చి బూతులు లంకించుకున్నాడు. కాగితాలున్నదానివి, నీకెందుకీ ఏడుపు అని పెద్దక్కనడిగాడు.

"వాళ్ళకు కాగితాలు లేవనేగా సగం జీతానికి పెట్టుకున్నావు? వాళ్ళు సగానికే వస్తున్నారనేగా నాకు పెంచనన్నావు? ఇన్నేళ్ళకు అర్థమయిందిరా నాకు. వాళ్ళ మీద కాదు నేను పడి ఏడవాల్సింది."

మధ్యాహ్నానికి పిల్లలు ఆకలితో అల్లాడారు. పెద్దక్క మనవరాలు కూడా. కబురందుకున్న తల్లిదండ్రులు గేటు దగ్గర పోగయ్యారు. ఒక లారీ డ్రైవరు కొట్టేట్టు మీదికొచ్చాడు. ఎవత్తో పరాయిదాని కోసం మా పిల్లల కడుపు మాడుస్తారా అన్నాడు. ఔనౌనని వెనకనుంచి అందుకున్నారు. పెద్దక్క కేకలు వెయ్యలేదు. లోపలికెళ్ళి ఆ పెద్ద గిన్నెను దొర్లించుకొచ్చి వాళ్ళ ముందు నిలబెట్టింది.

"వారం నుంచీ కాంట్రాక్టరు రోజూ ఇందులో ఫినాయిలు పోయిస్తున్నాడు, మిగిలింది ఆ పిల్లలు తినకుండా. పోసింది నేనే. మర్నాడు మళ్ళీ ఇందులోనే మీ పిల్లలకు వండాను. మీ పిల్లలు ఇంకా బతికున్నారంటే, చేతులు పుళ్ళు పడేలా దీన్ని తోమినావిడ ఒకతి ఉంది గనక. నిన్న ఈడ్చుకెళ్ళింది ఆమెనే."

ఒక తల్లి గిన్నెలోకి తొంగి చూసి, పక్కకెళ్ళి వాంతి చేసుకుంది. లారీ డ్రైవరు కాంట్రాక్టరు కోసం చుట్టూ వెతికాడు. కాంట్రాక్టరు ఎప్పుడో జారుకున్నాడు. నువ్వూ పోశావుగా అని ఎవరో పెద్దక్కను నిలదీశారు. పోశాను, నన్నూ తిట్టండి, తిట్టి పోలీసు స్టేషనుకు రండి అంది.

వాగ్వాదాలు దారి పొడుగునా నడుస్తూనే ఉన్నాయి. కొందరు మధ్యలోనే ఇళ్ళకు మళ్ళారు. అయినా స్టేషను ముందుకు చేరేసరికి రోడ్డు నిండిపోయింది. కట్టడం కూలీలు వచ్చారు, ఊడ్చేవాళ్ళు వచ్చారు. లెక్కల టీచరు వచ్చి ఎవరి కళ్ళలోకీ చూడలేక ఒక పక్కన నిలబడింది. ఇన్నాళ్ళూ వీధిలో గోడ వారగా నడిచిన కాగితాల్లేనివాళ్ళు రోడ్డు మధ్యలో నిలబడ్డారు. మా మనిషిని వదలండి అన్న అరుపుకు స్టేషను కిటికీలు అదిరాయి.

స్టేషను ఆఫీసరు తెలివైనవాడు. ఇలాంటి గుంపును ఎలా విడదియ్యాలో వాడికి బాగా తెలుసు. మెట్లెక్కి, కాగితాలున్నవాళ్ళు కుడివైపు రండి, మిమ్మల్నేమీ అనను, లేనివాళ్ళు ఎడమవైపు నిలబడండి అన్నాడు.

గుంపు చల్లబడింది. లారీ డ్రైవరు కుడివైపు నాలుగడుగులేసి ఆగాడు. పెద్దక్క రవికలోంచి కార్డు తీసి ఆఫీసరుకు కనబడేలా ఎత్తి చూపించింది. చూపించి, మళ్ళీ లోపల దోపుకుని, ఎడమవైపు వెళ్ళి నిలబడింది. వదిన వెళ్ళింది. వాంతి చేసుకున్న తల్లి వెళ్ళింది. లెక్కల టీచరు వెళ్ళింది. అందరూ వెళ్ళారని అబద్ధం చెప్పకూడదు. చాలామంది కుడివైపే ఉండిపోయారు. కాసేపటికి లారీ డ్రైవరు ఏదో గొణుక్కుంటూ వెనక్కి తిరిగి, రోడ్డు దాటి ఎడమవైపు వచ్చాడు.

ఆఫీసరుకు తిక్కరేగింది. ముందా ముసలిదాన్ని ఎక్కించండి అన్నాడు.

సరిహద్దు శిబిరానికి తరలించడానికి వ్యానులో అప్పటికే కూర్చోబెట్టి ఉంచారు గిన్నెలామెను. ముఖం వాచిపోయి ఉంది. పెద్దక్కను తన పక్కన తోసేసరికి బిత్తరపోయింది.

"నీకేం ఖర్మ అక్కా, నువ్వెందుకొచ్చావు? నా పిల్లేది?"

"మా ఇంట్లో ఉంది. రేపు మా మనవరాలి చెయ్యి పట్టుకుని బడికెళ్తుంది. ముందు వరసలో కూర్చోమన్నాను, అన్నీ సరిగ్గా రాయమన్నాను. మా అమ్మాయి గేటు దాకా దిగబెడుతుంది. ఆపమను, చూద్దాం."

గిన్నెలామె ఆమె భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. తలుపులు మూసేశారు. వ్యాను కదిలింది, రోడ్డెక్కకముందే ఆగిపోయింది. డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు. వ్యానుకు అడ్డంగా నేల మీద కూర్చున్నవాళ్ళు ఎవరూ లేవడం లేదు.