ఆగిన లారీ పొగ

కడియం నర్సరీ లారీలు ఎంత పొగ వదులుతాయో కంప్యూటర్లో లారీలు నడిపి లెక్కకట్టడం నా ఎంటెక్ ప్రాజెక్టు. అది 2004. తెరమీద ఒక్కో చుక్క ఒక్కో లారీ. వివరాలు అడగబోతే ఓనర్లంతా గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నారు. డ్రైవరైన మా తమ్ముడు దుర్గాసాయి ఒక్కడే తన బండి సంగతులన్నీ, పొగగొట్టానికి పడిన చిల్లుతో సహా చెప్పాడు.

ఆ గురువారం మధ్యాహ్నం రాజమండ్రిలో మా కాలేజీ ల్యాబ్‌లో ఉన్నాను. తెరమీద వాడి చుక్క వేమగిరి దాటాక ఆగిపోయింది. అక్కడ ఆగమని నేను ప్రోగ్రాంలో రాయలేదు. బండి ఆగినా పొగ లెక్క పెరుగుతూనే ఉంది. నాకసలే కోపం ముక్కుమీద ఉంటుంది. కదలమని ఎంటర్ మీట టపటపా కొట్టాను. కదల్లేదు. విసుగొచ్చి ఆ లారీని తీసేశాను.

ప్రోగ్రాం మళ్లీ నడిపితే, తీసేసిన లారీ అక్కడే ఉంది. పొగ లెక్క సున్నా నుంచి కాకుండా ఇందాకటి అంకె దగ్గర నుంచి పెరుగుతోంది.

వాడి మాట గుర్తొచ్చింది. పొద్దున వాడు, "రాహుకాలం రాకముందే బండి కదిలించేస్తానక్కా" అన్నాడు. మా వైపు డ్రైవర్లు మంచి గడియలో యార్డు దాటేసి, రాహుకాలం గడిచేదాకా రోడ్డు పక్కన ఆగుతారు. కానీ మంచి గడియలో స్టార్ట్ చేసిన ఇంజను మాత్రం ఆపరు. పైగా లేత అంటుమొక్కలను క్యాబిన్లో పెట్టుకుని, గాలి తగిలితే వాడిపోతాయని అద్దాలు బిగిస్తారు. వాడి పొగగొట్టానికేమో చిల్లు.

ఫోన్ చేశాను. మోగింది, ఎవరూ తీయలేదు.

స్నేహితురాలి స్కూటీ తీసుకుని భయంతో ఏడుస్తూనే వెళ్లాను. లారీ సరిగ్గా అక్కడే ఉంది, ఇంజను తిరుగుతోంది. వాడు స్టీరింగ్ మీద తల వాల్చి ఉన్నాడు. రాయితో అద్దం పగలగొట్టాను. దారిన పోయేవాళ్లు సాయంపట్టి వాడిని కిందికి దించారు. చాలాసేపటికి దగ్గి, కళ్లు తెరిచాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇందాక నువ్వు అద్దం కొట్టినప్పుడు దించుదామనుకున్నానక్కా. చెయ్యి లేవలేదు" అన్నాడు.

"నేనిప్పుడే కదరా వచ్చింది."

"కాదక్కా. టపటపా కొట్టావు. అక్క వచ్చింది, ఇంక పర్లేదు అనుకున్నాను." వాడు నా మొహంలోకి చూశాడు. "మరి మధ్యలో నన్నొదిలేసి వెళ్లిపోయావేంటి?"