వెంట్రుకంత ఎడం

సువా సరస్సు గడ్డకట్టిన ఆ ఉదయం, తొమొయె తన పేటెంట్ వకీలు ఒరిహారా ఆఫీసు కిటికీలోంచి మంచునే చూస్తూ కూర్చుంది. ఆమె తయారుచేసిన రోబో చేతి తొడుగుకు పేటెంట్ ఇవ్వలేమని పరీక్షించిన అధికారి రాశాడు. ప్లాస్టిక్ తొడుగుకు లోహపు కడియాలు పెట్టడం ఎవరికైనా తట్టేదేనట. ఇవాళ సరైన జవాబు పంపకపోతే ఆమె చేతిలోంచి అది జారిపోయినట్టే.

"మిగతావాళ్ళవి వేడికి పగులుతున్నాయి కదమ్మా, మీది ఎందుకు పగలదు?" అడిగాడు ఒరిహారా.

"చెప్పుకోవడానికి సిగ్గండీ. కాస్త వదులుగా ఉంచాను."

"వదులా! గడియారాల పని నేర్చిన మీరా?"

"నవ్వండి, నవ్వండి. మా నాన్న బతికుంటే కొట్లోంచి గెంటేసేవాడు."

వేడెక్కితే ప్లాస్టిక్ ఎక్కువ సాగుతుంది, లోహం తక్కువ. గట్టిగా బిగిస్తే ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి. కాస్త ఎడం ఉంటే కలిసే ఉంటాయి. ఆ సంగతే ఆమె దరఖాస్తులో రాయించలేదు.

ఒరిహారా ముఖం వాడిపోయింది. "మొదట ఇచ్చినదాంట్లో లేనిది ఇప్పుడు చేర్చనివ్వరమ్మా." అంటూనే మొదటి దరఖాస్తుతో పాటు ఆమె గీసిచ్చిన బొమ్మ తీశాడు. లోహపు కడియం చుట్టూ వెంట్రుకంత ఖాళీ ఉంది. "మరి ఇదేంటి?"

"బొమ్మలో అబద్ధం గీయడానికి చెయ్యి రాలేదండీ."

బయట ఎండ తగిలి మంచు నిద్రలో పక్కకు ఒత్తిగిలినట్టు మూలిగింది. ఒడ్డు నుంచి ఒడ్డుకు సన్నని చీలిక పాకింది.

"బొమ్మలో ఉంటే చాలమ్మా, జవాబులో రాయొచ్చు. గౌరవంగా ఉండేలా, వెసులుబాటు అని రాయనా?" అడిగాడు ఒరిహారా.

తొమొయె ఆ చీలికనే చూస్తూ చెప్పింది. "వద్దండీ. వదులనే రాయండి."