దిగినోళ్లు ఎక్కేదాకా

నస్పూరు గని ఆఫీసులో కంప్యూటర్లు పెట్టి ఏడాదన్నా కాలేదు, అప్పుడే వాటిని గోనెసంచుల్లో చుట్టి పంపేద్దామన్న మాట పుట్టింది. తొంభైల మొదట్లో సంగతిది. హాజరీ ఫైళ్లన్నీ ఒకే సర్వర్‌లో ఉండేవి. పొద్దంతా బుద్ధిగా పనిచేసే ఆ సర్వర్ షిఫ్టు మారే వేళకు మాత్రం మొండికేసేది. గుమాస్తాలు ఫైలు తెరవబోతే తెరుచుకునేది కాదు. బయట కార్మికులు తలదీపాలు పెట్టుకుని ఎండలో నిలబడి గొణుక్కునేవాళ్లు.

మేనేజర్ సుదర్శన్‌రావుకు విసుగొచ్చింది.

"సోమారం గిన మళ్ల గిదే తమాషా అయితే, మనకు పాత హాజరీ పుస్తకాలే దిక్కు. నిన్ను తలదీపాలిచ్చే ల్యాంపు రూముకు మారుస్త," అన్నాడు దెబోరాతో.

సర్వర్‌ను చూసుకునే ఉద్యోగం దెబోరాది. ఆమెను కంప్యూటర్ కోర్సుకు పంపిన నాడు చర్చిలో సంఘమంతా లేచి నిలబడి ప్రార్థన చేసింది. ఇప్పుడు ఆ కుర్చీ పోతే వాళ్లకు ఏ మొహం చూపించాలి?

జబ్బేమిటో ఆమెకు తెలుసు. సర్వర్‌కు గుండెకాయలాంటి కెర్నెల్‌లో, ఒకేసారి ఎన్ని ఫైళ్లు తెరిచి ఉండొచ్చో ఒక హద్దు రాసి ఉంటుంది. గుమాస్తాలేమో తెరిచినదాన్ని మూయరు. మొదటి బంతి లేవకపోతే రెండో బంతికి ఇస్తరాకు ఎక్కడ వేస్తారు?

అసలే ముక్కుమీద కోపం మనిషి. తిన్నగా పెద్ద గుమాస్తా సమ్మయ్య దగ్గరికి పోయింది.

"కాకా, పని అయినంక ఫైలు బంద్ చెయ్యమంటే చెయ్యవేంది? నీ మొండితనంతోని నా నౌకరి పోయేటట్టున్నది."

సమ్మయ్య కళ్లద్దాలు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు.

"కాయితం పుస్తకాలప్పుడు సుత దిగినోళ్లందరు ఎక్కేదాకా హాజరీ మస్టర్ మూయలే బిడ్డా. మూసినమంటే అందరు పైకొచ్చిండ్రని లెక్క. మీ బాపు ఆశీర్వాదమన్న గిప్పుడు గని కిందనే ఉన్నడు. ఆయన పేరున్న ఫైలు మూయాల్నా? నువ్వే చెప్పు."

 సిగ్గుతో దెబోరా తల వాలిపోయింది. మారాల్సింది సమ్మయ్య కాదు, సర్వరే.

ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి ఆఫీసుకు బయల్దేరింది.

"దేవుని కన్న పెద్దదా గా డబ్బా?" అని అవ్వ ఎలీసబెతు వెనక నుంచి సణుగుతూనే ఉంది.

కెర్నెల్‌లో ఆ హద్దును ఇంతకింత పెంచేసి, సర్వర్‌ను ఆపి మళ్లీ లేపింది. అది లేవలేదు. అత్యాశ కొంప ముంచింది. తెరిచిన ఫైళ్ల లెక్క రాసుకునే పట్టికే మెమరీ అంతా మింగి కూర్చుంటే మిగతా పనులకు చోటేది? పాత కెర్నెల్‌ను పక్కన దాచిపెట్టింది గనక గండం గడిచింది. దానితోనే సర్వర్‌ను లేపి, ఈసారి గుమాస్తాలు నిజంగా ఎన్ని ఫైళ్లు తెరుస్తారో చూసుకుంది. హద్దును అంతకు కాస్త పైన పెట్టింది. డిస్కు నుంచి చదివినవి దాచుకునే బఫర్లను కొంచెం తగ్గించి, ఆ చోటు పట్టికకు ఇచ్చింది. సర్వర్ చక్కగా లేచింది. ఖాళీ ఆఫీసులో దెబోరా ఒక్కతే చప్పట్లు కొట్టుకుంది.

సోమవారం మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు సుదర్శన్‌రావు చేతులు కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. మొదటి షిఫ్టు ఫైళ్లన్నీ తెరిచే ఉన్నాయి. వాటి మీద రెండో షిఫ్టువి తెరవసాగారు. ఒకటి తెరుచుకుంది, ఇంకొకటి తెరుచుకుంది, గదిలో ఏ ఒక్కటీ మొరాయించలేదు. బయట వరుస చకచకా కదిలిపోయింది. దెబోరాకు ఎగిరి గంతేయాలనిపించింది.

"పాత పుస్తకాలు కట్టగట్టి అటుక మీద పెట్టుండ్రి," అని సుదర్శన్‌రావు తన గదిలోకి వెళ్లిపోయాడు.

సమ్మయ్య మాత్రం మొదటి షిఫ్టు ఫైలు ముందు అలాగే కూర్చున్నాడు.

"ఇంకొక్కడు ఎక్కలే," అన్నాడు.

కాసేపటికి ఒళ్లంతా బొగ్గు పులుముకున్న ఆశీర్వాదం కిటికీ దగ్గరికొచ్చాడు. కూతుర్ని చూసి పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. సమ్మయ్య ఆయన పేరుకెదురుగా హాజరు కొట్టి, కుర్చీలోంచి లేచాడు.

"ఇగ రా బిడ్డా. గిది నువ్వే మూయి."