మూత వదులు చేసిన మరిది

వదిన పరీక్షనాళికలను ఒక్కొక్కటిగా వెలుతురులోకి ఎత్తి చూసి, మరిది వైపు తిరిగింది.

"వీటి మూతలు వదులు చేసింది నువ్వేనా?"

"నేనే వదినా. నిన్న ఇంటికెళ్లే ముందు. పాపం, ఊపిరాడక చస్తాయని."

అతడు మొన్నటివరకు ఇదే ప్రయోగశాల పక్క గదిలో చర్మకణాలు పెంచేవాడు. అక్కడ దీపాలార్పే ముందు ప్రతి మూతనూ అరచుట్టు వదలడం నియమం. ఆ మర్యాదే ఇక్కడా పాటించాడు. ఇక్కడివేమో ఆవుల గర్భాశయంలో బతికే ఏకకణ పరాన్నజీవులు. గాలి వాటికి గిట్టదు. ఆక్సిజన్‌తో శక్తిని తయారుచేసే ఏర్పాటు వాటికి లేదు. బదులుగా హైడ్రోజినోసోములనే చిన్న సంచులున్నాయి. అవి ఆహారాన్ని విడగొట్టి శక్తినిస్తూ హైడ్రోజన్‌ను వదులుతాయి. ఆ హైడ్రోజన్‌నే మధ్యాహ్నం పరీక్షాధికారికి చూపితేగాని వదినకు డాక్టరేటు రాదు.

సూక్ష్మదర్శినిలో కదలిక లేదు.

"అన్నయ్యకు చెప్పకు వదినా."

"నేను చెప్పడమెందుకు? ఇంటికెళ్లాక నా మొహం చూస్తే ఆయనకే తెలుస్తుంది."

"ఒక్కటి మాత్రం మిగిలింది. దాని మూత నా వల్ల కాలేదు."

"నీ వల్లేమవుతుంది? ఇంట్లో సీసాలన్నీ మూత తీయమని నాకే ఇస్తారుగా అన్నదమ్ములిద్దరూ."

ఆ నాళికలోని జీవులు చెంగుచెంగున ఈదుతున్నాయి. వదిన మిగతావాటిని మళ్లీ బిగించి పక్కన పెట్టింది.

మధ్యాహ్నం మూత నడుమనున్న రబ్బరు బిళ్లలోంచి సూదితో వాయువును లాగి హైడ్రోజన్‌ను కొలిచే యంత్రానికి అందించింది. ముల్లు కదిలింది. పరీక్షాధికారి మాత్రం కదల్లేదు.

"ఇది ఆ జీవులు వదిలిందేనని ఏమిటి నమ్మకం? ద్రవంలోంచే వచ్చిందేమో."

వదిన పొద్దున పక్కన పెట్టిన నాళికల్లో ఒకదాన్ని తెచ్చింది.

"ద్రవం అదేనండీ. ఇందులో జీవులు చచ్చిపోయాయి."

మళ్లీ సూది, మళ్లీ యంత్రం. ఈసారి ముల్లు ఉలకలేదు, పలకలేదు. ఒక్క నాళికతో సిద్ధాంతం నిలబడదు. అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం దొరికింది.

"పోలిక బాగుంది. ఎవరి ఆలోచన?"

"ఆలోచనంటే అబద్ధమవుతుందండీ. మా మరిది పొరపాటు."

జరిగింది విని ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకునేదాకా నవ్వాడు.

"నా ప్రశ్నలయ్యాయి, డాక్టరుగారూ. మీ మరిదికేమైనా ఉంటే అడగమనండి."

మరిదికి ఒకటుంది.

"అయితే పాసైనట్టేనా అండీ?"